మెమోలో గ్రేడు ఉంది, బడిలో సారు లేడు

మనలో తెలంగాణ రాష్ట్ర బోర్డులో పదో తరగతి చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కసారి ఆ పదో తరగతి మెమో బీరువాలోంచి తీసి కింది భాగం చూడండి. తెలుగు నుంచి సోషల్ దాకా సబ్జెక్టులన్నీ అయిపోయాక సహపాఠ్య అంశాలని ఇంకో నాలుగు వరసలు కనిపిస్తాయి. విలువల విద్య, కళా సాంస్కృతిక విద్య, పని-కంప్యూటర్ విద్య, వ్యాయామ ఆరోగ్య విద్య. నాలుగింటికీ గ్రేడ్లు వేసి ఉంటాయి.

నేను మా హాస్టల్లో పదిమందిని అడిగాను. కళా సాంస్కృతిక విద్యలో మీకు గ్రేడు వేసిన టీచర్ ఎవరు, ఆ సబ్జెక్టులో మీకు ఏం నేర్పారు అని. ఒకరు మాత్రం గురుకులంలో డ్రాయింగ్ సారు ఉండేవారని చెప్పారు. మిగతా తొమ్మిది మంది నవ్వారు. "క్లాస్ టీచరే వేసి ఉంటడు లే అన్నా" అన్నాడు ఒక జూనియర్. అంటే ఒక సబ్జెక్టు ఉంది, దానికి మూల్యాంకనం ఉంది, సర్కారు ముద్రతో సర్టిఫికెట్‌లో ఫలితం ఉంది. చెప్పేవాళ్లు మాత్రం లేరు. లెక్కల్లో ఇట్లా జరిగితే మన అమ్మానాన్నలు ఊరుకునేవాళ్లా? బడి గేటు ముందు ధర్నా అయ్యేది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన బొగ్గుబాయి బెల్టులో, రామగుండం, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, మంథని చుట్టుపక్కల బడుల్లో సంగీతం టీచర్ అనే మనిషికి ఒక పోస్టు, ఒక టైంటేబుల్, ఎదగడానికి ఒక దారి ఉండాలి. అది దయతో ఇచ్చే వస్తువు కాదు. పిల్లలకు చట్టం, సిలబస్ ఇప్పటికే ఇస్తామన్న దాన్ని ఇవ్వడమే.

లెక్క చూద్దాం

మనం ఇంజినీరింగ్ వాళ్లం కాబట్టి ముందు అంకెలతోనే మాట్లాడుకుందాం. 2024లో తెలంగాణ ప్రభుత్వం 11,062 టీచర్ పోస్టులతో డీఎస్సీ వేసింది. స్కూల్ అసిస్టెంట్లు 2,629, లాంగ్వేజ్ పండిట్లు 727, పీఈటీలు 182, ఎస్జీటీలు 6,508. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగంలో స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. కూడి చూసుకోండి, లెక్క సరిపోతుంది. ఆ 11,062లో సంగీతానికి ఒక్కటి కూడా లేదు.

మరి ప్రభుత్వానికి సంగీతం టీచర్ అనే ఉద్యోగమే తెలియదా అంటే, తెలుసు. అంతకు ముందు ఏడాదే, 2023లో, గురుకులాల నియామక బోర్డు సంగీతం టీచర్ల పోస్టులకు విడిగా నోటిఫికేషన్ ఇచ్చింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2018 డీఎస్సీలో సంగీతం, క్రాఫ్ట్, ఆర్ట్ అండ్ డ్రాయింగ్ పోస్టులు కూడా చేర్చింది. నవోదయ విద్యాలయాల్లో సంగీతానికి టీచర్ పోస్టు మంజూరై ఉంటుంది. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా నవోదయ చొప్పదండిలో ఉంది. కేంద్రీయ విద్యాలయాలు 2022 చివర్లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ప్రైమరీ టీచర్ (సంగీతం) పోస్టులు 303 ఉన్నాయి. మన ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో ఉన్నది అలాంటి కేంద్రీయ విద్యాలయమే.

దీని అర్థం ఏంటంటే, ఎంట్రన్స్ రాసి నవోదయకో గురుకులానికో పోయిన పిల్లకు, నాన్నకు కేంద్ర సంస్థలో ఉద్యోగం ఉన్న పిల్లవాడికి సంగీతం టీచర్ దొరికే అవకాశం ఉంది. ఇంటి పక్కనున్న జిల్లా పరిషత్ హైస్కూల్‌కు నడిచిపోయే పిల్లకు లేదు. కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకు, ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయి పునరావాస కాలనీకి వచ్చిన ఇంటి బిడ్డకు లేదు. పాట ఆ పిల్లలకు తక్కువ అవసరం అని ఎవరు తేల్చారు?

చట్టంలో ఏముంది?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం చివర్లో ఒక షెడ్యూల్ ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే ఆ బడికి కళా విద్యకు, వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని అందులో రాశారు. బాగానే ఉంది. కానీ గమనించండి, చట్టం రాసేటప్పుడే "పార్ట్‌టైం" అని రాసేశారు. లెక్కల సారు ఫుల్‌టైం, కళల సారు పార్ట్‌టైం అని చట్టమే ఒక మెట్టు కిందకు దించి కూర్చోబెట్టింది. పైగా కళా విద్య అనే ఒక్క మాటలో బొమ్మలు, పాట, ఆట, నాటకం అన్నీ కుక్కేశారు. ఒక్క మనిషి ఈ నాలుగూ ఎలా నేర్పుతాడు? ఫిజిక్స్, తెలుగు, సోషల్ ఒకే సారు చెప్పాలంటే మనం ఒప్పుకుంటామా?

పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ల బతుకు ఎలా ఉంటుందో 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు రాష్ట్రమంతా సమ్మెకు దిగినప్పుడు పేపర్లు చదివినవాళ్లకు తెలుసు. రెగ్యులర్ చేయండి, కనీసం పే స్కేలు ఇవ్వండి అని నెల దాకా టెంట్ల కింద కూర్చున్నారు.

2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు ముందుకేసి, పాఠ్యం, సహపాఠ్యం అనే గోడలు ఉండకూడదంది. స్థానిక కళల్లో నిపుణులను "మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లు"గా బడుల్లోకి తీసుకోవచ్చంది. మంచి మాటే. అయితే మాట కాగితం మీద పుట్టి కాగితం మీదే ముసలిదైపోతే లాభం ఏముంది?

ప్రైవేటు బడుల సంగతి

సర్కారు బడిలో పోస్టు లేదు సరే, ప్రైవేటులో ఉందా? ఖనిలో ఉన్నవాళ్లకు తెలిసిందే. యాన్యువల్ డేకు నెల రోజుల ముందు ఒక డాన్స్ మాస్టర్ వస్తాడు. సినిమా పాట పెన్‌డ్రైవ్‌లో తెస్తాడు. స్టెప్పులు నేర్పిస్తాడు. ఫంక్షన్ అయిన తెల్లారి ఆయన కనపడడు.

నేను చదివిన బడిలో ఎనిమిదో తరగతిలో ఒక పాటల సారు ఉండేవారు. హార్మోనియం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే క్లాసులో అల్లరి దానంతటదే ఆగిపోయేది. మేము కోరస్‌గా పాడటం నేర్చుకున్నది ఆయన దగ్గరే. దసరా సెలవుల తర్వాత పెట్టుకున్నారు, జనవరిలో యాన్యువల్ డే కాగానే "మళ్లీ పిలుస్తం సార్" అన్నారు. ఆ తర్వాత పిలవలేదు. చివరి నెల జీతం కోసం ఆయన ఆఫీసు రూం బయట బెంచీ మీద కూర్చోవడం మా క్లాసు మొత్తం చూసింది. ఇప్పుడు పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాతో రిథమ్ ప్యాడ్ వాయిస్తున్నారు. అది తక్కువ పని అని నేను అనడం లేదు. కానీ పిల్లలకు నేర్పే చేయి తిరిగిన మనిషి, నేర్పే పనిలో బతకలేక పక్కకు జరిగితే నష్టం ఎవరికి? ఆయనకు రాత్రికి కూలి దొరుకుతుంది. మా తర్వాతి బ్యాచ్‌లకు సారు దొరకలేదు.

"పాట పాడిస్తే చాలదా?"

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది. పాట నేర్పడానికి ప్రత్యేకంగా టీచర్ ఎందుకు, గొంతు బాగున్న తెలుగు టీచర్ ఉంటే చాలదా, లేదంటే యూట్యూబ్ ఉంది కదా అని.

చాలదు. ఎందుకో చెప్తాను. పెద్ద మగవాళ్లు పాడే శ్రుతి వేరు, పదేళ్ల పిల్లల శ్రుతి వేరు. సారు తనకు హాయిగా ఉన్న శ్రుతిలో మొదలుపెడితే పిల్లలు కింది స్వరాలు అందక గొణుగుతారు, పై స్వరాలు సినిమా ట్రాక్‌లో వస్తే గొంతు చించుకుంటారు. మనం ప్రార్థన సమయంలో రోజూ విన్న గోల అదే. శిక్షణ ఉన్న టీచర్ ముందు పిల్లల గొంతు ఎక్కడ నిలుస్తుందో చూసుకుని శ్రుతి పెడతారు.

ఇంకొకటి. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. నిన్నటిదాకా బాగా పాడినవాడి గొంతు ఒక్కసారిగా పగులుతుంది. క్లాసు నవ్వుతుంది. "నువ్వు ఆగురా, పాట చెడగొడుతున్నవ్" అని ఎవరో ఒక పెద్దాయన అంటారు. అంతే, వాడు జీవితంలో మళ్లీ నోరు విప్పడు. తెలిసిన టీచర్ అయితే "ఇది ఏడాదిలో కుదురుకుంటది, అప్పటిదాకా కింది స్వరంలో పాడు, తాళం వెయ్యి" అని చెప్పి వాడిని గుంపులోనే ఉంచుతారు. ఈ చిన్న తేడా కోసమే శిక్షణ, పోస్టు, టైంటేబుల్ అన్నీ కావాలి. యూట్యూబ్ పాట వినిపిస్తుంది. మన పిల్లవాడి గొంతును అది వినదు.

అందరూ లోపలికి

కలుపుకుపోవడం అనే మాట సంగీతం క్లాసులో ఉపన్యాసం లేకుండా జరిగిపోతుంది. నత్తి ఉన్న పిల్లలు చాలామంది పాడేటప్పుడు తడబడరు. వినికిడి లోపం ఉన్న పిల్ల డప్పు మీద అరచేయి ఆనించి దెబ్బను పట్టుకోగలదు. చూపు లేని పిల్లవాడికి బోర్డుతో పనిలేని క్లాసు ఇదొక్కటే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించి మాట్లాడుతూ, కళల కోర్సులను వాళ్లకు అందేలా మార్చాలని చెప్పింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ స్పెషల్ టీచర్లు ఉన్నారు. వారానికి రెండు పీరియడ్లు సంగీతం టీచర్ వాళ్లతో కలిసి కూర్చుంటే ఎంత జరుగుతుందో ఊహించండి.

ఇక మన దగ్గర ఇంకో రకం కలుపుకుపోవడం కావాలి. అది కులం సంగతి. వీణ, వయొలిన్ వాయిస్తే సంగీతం అంటారు. డప్పు కొడితే చప్పుడు అంటారు. ఎవరి వాద్యం సంగీతమో, ఎవరి వాద్యం చప్పుడో పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నారు? ఇంట్లో, వాడలో, ఒక్కోసారి బడిలో. డప్పు వాయించే ఇంటి పిల్లవాడు బడిలో ఆ మాట చెప్పడానికి సిగ్గుపడితే ఆ సిగ్గు వాడిది కాదు, మనది. బడిలో తబలా పక్కన డప్పు, హార్మోనియం పక్కన ఒగ్గు డోలు ఒకే చాప మీద పెట్టి, రెంటికీ తాళం ఒకే తీరుగా లెక్కపెట్టి చూపించే టీచర్ ఉంటే ఆ సిగ్గు ఒక్క ఏడాదిలో పోతుంది.

మతం కూడా అంతే. బడి పాట అంటే ఎప్పుడూ ఒకే తరహా భక్తిపాట అయితే కొందరు పిల్లలు పెదాలు మాత్రమే కదుపుతారు. మన ప్రాంతంలో బతుకమ్మ పాట ఉంది, పీరీల పండుగ పాట ఉంది, కోలాటం ఉంది, చర్చిలో కీబోర్డు నేర్చుకున్న పిల్లలు ఉన్నారు, ఎన్టీపీసీ, సింగరేణి ఉద్యోగాల కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల భాషలున్నాయి. ఇవన్నీ తెలిసిన, తెలుసుకునే ఓపిక ఉన్న టీచర్ కావాలి.

టీచర్లను తీసుకునేటప్పుడూ ఇదే న్యాయం పాటించాలి. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. అక్కడ సర్టిఫికెట్, డిప్లొమా చేసినవాళ్లు రావాలి, తప్పదు. కానీ తలుపు అదొక్కటే అయితే ఒగ్గు కళాకారుడు, చిందు యక్షగానం ఇంటి బిడ్డ, కోయ డోలి కళాకారుడు బయటే నిలబడతారు. మణుగూరు సింగరేణి బొగ్గు గనులున్న చోటు. ఆ మండలంలోని కూనవరం నుంచి వచ్చిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మ చరిత్రను కోయ డోలి మీద పాడినందుకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. ఆయన తలలో ఉన్నదంతా మన బడిపిల్లల్లో ఎంతమందికి చేరింది? పద్మశ్రీ ఇవ్వడం గౌరవమే. ఆ మనిషి బతికుండగా పక్క బడిలో వారానికి రెండు గంటలు కూర్చోబెట్టి, దానికి సరైన జీతం ఇవ్వడం ఇంకా పెద్ద గౌరవం.

ఎదిగే దారి ఏది?

ఉద్యోగం దొరికాక కథ అయిపోదు. వ్యాయామ ఉపాధ్యాయులకు పీఈటీ పైన పీడీ అనే మెట్టు ఉంది. డీపీఈడీ, బీపీఈడీ కోర్సులున్నాయి, మండలం నుంచి జాతీయ స్థాయి దాకా పోటీలున్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో బొమ్మలు నేర్పే టీచర్, ఆటలు నేర్పే టీచర్ టీజీటీ స్థాయిలో ఉంటారు. సంగీతం టీచర్ మాత్రం ప్రైమరీ టీచర్ స్థాయిలోనే ఉంటారు. టీజీటీ సంగీతం అనే మెట్టు లేదు. ముప్ఫై ఏళ్లు పాడించినా కుర్చీ అదే. ఇట్లాంటి ఉద్యోగంలోకి చురుకైన పిల్లలు ఎందుకు వస్తారు?

శిక్షణ విషయంలోనూ అంతే. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) 1979 నుంచి టీచర్లకు కళల మీద శిక్షణ ఇస్తోంది. దానికి హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు జరుగుతున్నాయి, గాత్రం, వాద్యం విభాగాలున్నాయి. సర్క్యులర్ బడికి వస్తుంది. దాన్ని ఎవరి టేబుల్ మీద పెట్టాలో హెడ్మాస్టర్‌కు తెలియదు. చివరికి ఎవరో ఒక సైన్స్ మేడమ్ ఇంటి నుంచి ట్రైపాడ్ తెచ్చి, నలుగురు పిల్లలతో వీడియో తీసి పంపిస్తారు. ఆ మేడమ్‌లకు, సార్లకు దండం పెట్టాలి. వాళ్ల మంచితనం మీద వ్యవస్థ నడవకూడదు అనేదే నా వాదన.

డబ్బులెక్కడివి?

"లెక్కల సారే లేని బడులున్నయ్, సంగీతం సారు కావాల్నా?" అని మా బాబాయి అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఖాళీగా ఉన్న లెక్కల పోస్టు తీసేసి సంగీతం ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. రెండూ కావాలి. పేద పిల్లలకు ఒకటే ఇస్తాం, ఏది కావాలో తేల్చుకోండి అనే బేరం నాకు నచ్చదు. డబ్బున్న ఇంటి పిల్లలకు ఆ బేరం ఎవరూ పెట్టరు కదా.

ఇక డబ్బు మాట. మన బెల్టులో డబ్బు లేదు అనడం కుదరదు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు (డీఎంఎఫ్‌టీ) వచ్చాయి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులయితే రాయల్టీలో 30 శాతం, తర్వాతివయితే 10 శాతం ఈ ట్రస్టుకు జమ కావాలి. తవ్వకం వల్ల నష్టపోయిన ప్రాంతాలకే ఖర్చు పెట్టాలి. మొదటి ప్రాధాన్య అంశాల్లో తాగునీరు, ఆరోగ్యంతో పాటు విద్య, వికలాంగుల సంక్షేమం కూడా ఉన్నాయి. ఇంకోవైపు 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో సీఎస్ఆర్ కింద చేయదగిన పనుల్లో విద్యతో పాటు సంప్రదాయ కళల ప్రోత్సాహాన్ని కూడా పేర్కొన్నారు. సింగరేణి 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. రెండు ప్రభుత్వాలూ అందులో ఉన్నాయి. తలుచుకుంటే కాదనేవాళ్లెవరు?

సింగరేణిలో ఆటలకు వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అని ఒక ఏర్పాటు ఉంది. కార్మికుడు షిఫ్టు దిగి గ్రౌండుకు పోయేలా ఆ రోజుల్లోనే ఆలోచించారు. ఆటకు చేసినట్టే పాటకు ఎందుకు చేయకూడదు? పాడేవాళ్లకు జీతం ఇచ్చి పెట్టుకోవడం ఈ రాష్ట్రానికి కొత్త కూడా కాదు. తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులను తీసుకున్నారు. ప్రభుత్వ పథకాల గురించి ఊరూరా పాడటానికి గాయకుడికి జీతం ఇవ్వగలిగినప్పుడు, పిల్లలకు పాట నేర్పడానికి ఇవ్వలేమా?

నా చిన్న లెక్క ఒకటి చెప్తాను. ఒక హైస్కూల్లో ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగు తరగతులు. తరగతికి వారానికి రెండు పీరియడ్లు. అంటే ఎనిమిది. పక్కపక్కనున్న మూడు బడులకు కలిపి ఇరవై నాలుగు పీరియడ్లు. మిగిలిన సమయంలో భవిత కేంద్రంలో రెండు పీరియడ్లు, ప్రార్థన సమయం, సాయంత్రం బృందగానం సాధన. ఇది ఒక ఫుల్‌టైం ఉద్యోగం. బడికొక పార్ట్‌టైం మనిషిని అరకొర జీతంతో పెట్టే బదులు స్కూల్ కాంప్లెక్స్‌కు ఒక ఫుల్‌టైం టీచర్‌ను పెట్టొచ్చు. ఆయనకో ఆమెకో తోడుగా స్థానిక కళాకారులను మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లుగా గంటల లెక్కన కాకుండా ఏడాది ఒప్పందం మీద తీసుకోవచ్చు. ముందుగా రామగుండం, మంథని ప్రాంతంలో నాలుగైదు కాంప్లెక్సుల్లో రెండేళ్లు చేసి చూడండి. ఫలితం చూసి డీఎస్సీలో పోస్టులు పెట్టండి.

బొగ్గు అయిపోయాక?

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో గ్రైమ్‌థార్ప్ అనే బొగ్గుబాయి ఊరుంది. 1917లో అక్కడి కార్మికులు ఒక బ్రాస్ బ్యాండ్ పెట్టుకున్నారు. 1993లో బాయి మూసేశారు. బ్యాండ్ మాత్రం ఈరోజుకీ ఉంది. ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసేది ఇప్పుడు బొగ్గు వల్ల కాదు, ఆ బ్యాండ్ వల్ల. వేల్స్ బొగ్గు లోయల్లో మగవాళ్ల బృందగానాలు కూడా అట్లాంటివే. ఆ వేల్స్ ప్రభుత్వం 2022లో పిల్లలందరికీ సంగీతం అందాలని జాతీయ సంగీత సేవ అనే పథకమే మొదలుపెట్టింది.

మన దగ్గర 1960 ప్రాంతంలో గోదావరి ఒడ్డున బాయిలు మొదలయ్యాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. భూగర్భ బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఒకే బాయి, ఒకే షిఫ్టు, ఒకే క్వార్టర్ల లైను అనే బతుకు చెదిరిపోతోంది. ఆ బతుకులో నుంచి పుట్టిన పాట చాలా ఉంది. యూనియన్ మీటింగుల్లో పాడింది, తెలంగాణ ఉద్యమంలో సకల జనుల సమ్మె నాడు పాడింది, బతుకమ్మ నాడు క్వార్టర్ల మధ్య మా అమ్మమ్మలు పాడింది. ఇప్పుడు బతుకమ్మ చుట్టూ డీజే పెడుతున్నారు. పిల్లలకు స్టెప్పు వచ్చు, పాట రాదు. పాట తరం నుంచి తరానికి దానంతటదే పోతుందని మనం అనుకుంటాం. పోదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. ఒకప్పుడు అమ్మమ్మ నేర్పింది. ఇప్పుడు బడి నేర్పాలి.

2024 జూన్ 2న అందెశ్రీ రాసిన పాట రాష్ట్ర గీతం అయింది. బడి గడప తొక్కకుండా పెరిగిన మనిషి రాసిన పాటను బడిపిల్లలు పాడుతున్నారు. దాన్ని శ్రుతిలో, అర్థం తెలిసి పాడటం నేర్పే మనిషిని కూడా బడికి పంపితేనే ఆ గౌరవం పూర్తవుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సంగీతం నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి, ఈఏపీసెట్‌లో ర్యాంకు వస్తుంది అని నేను వాదించడం లేదు. వస్తే రానీ. కానీ పాటను ర్యాంకు కోసం అమ్ముకోవాల్సిన పని లేదు. నలుగురితో కలిసి ఒకే శ్రుతిలో నిలబడటం, పక్కవాడి గొంతు వింటూ తన గొంతు సర్దుకోవడం, తప్పు పోయినా తాళం వదలకుండా మళ్లీ అందుకోవడం, ఇవి పిల్లలకు కావలసిన చదువులే.

మనం ఏం చేయగలం?

మన సాహితీ క్లబ్బు చేతుల్లో పోస్టులు లేవు. కానీ కొన్ని పనులు మనవల్ల అవుతాయి. మొదటిది, ఈ సెమిస్టర్‌లో మనలో ప్రతి ఒక్కరూ తమ పాత బడికి వెళ్లి, అక్కడ కళా విద్యకు పీరియడ్ టైంటేబుల్లో ఉందా, చెప్పేవాళ్లున్నారా అని అడిగి రాసుకు రావాలి. యాభై బడుల వివరాలు ఒక పట్టికగా చేస్తే అది ఏ వ్యాసం కన్నా బలంగా మాట్లాడుతుంది. రెండోది, ఆ పట్టికతో కలెక్టర్ గారికి, డీఈఓ గారికి, సింగరేణి ఏరియా జనరల్ మేనేజర్లకు వినతిపత్రం ఇవ్వాలి. డీఎంఎఫ్‌టీ కింద స్కూల్ కాంప్లెక్స్ సంగీతం టీచర్ల ప్రయోగం అడగాలి. మూడోది, మన అమ్మమ్మలు, తాతలు, వాడకట్టు కళాకారులు పాడే పాటలను ఫోన్‌లో రికార్డు చేసి, వాళ్ల పేరు, ఊరు, అనుమతితో భద్రపరచాలి. రేపు సంగీతం టీచర్ వస్తే ఆయన చేతిలో పెట్టడానికి మన దగ్గర పాఠ్యపుస్తకం సిద్ధంగా ఉంటుంది.

పట్టిక ఫారం నేను తయారు చేసి వచ్చే శనివారం క్లబ్బు సమావేశానికి తెస్తాను. సెలవులకు ఇంటికి పోయేవాళ్లు ఒక్కో కాపీ తీసుకుపోండి. హెడ్మాస్టర్ గారిని కలిసినప్పుడు మర్యాదగా అడగండి, చాలామందికి వాళ్ల బడిలో కూడా సంగీతం టీచర్ ఉండాలనే ఉంటుంది. అడిగేవాళ్లు లేక ఆగిపోయింది.